ఛాంపియన్ పిరికివాడు

థియోఫిలస్ గంబ్స్‌కు భయం. దేనికి భయమో చెప్పడం కష్టం, దేనికి కాదో చెప్పడం ఇంకా కష్టం. మేకంటే భయం. మేక మెడలో తాడు తెగుతుందేమోనని భయం, తెగకపోతే దానికి ఊపిరాడదేమోనని భయం. నిచ్చెన ఎక్కడు, ఎవరైనా ఎక్కితే కింద నిలబడడు. కొబ్బరిచెట్ల కిందనుంచి నడవాల్సి వస్తే నెత్తిన గిన్నె బోర్లించుకుని నడుస్తాడు. ఒక ఆదివారం అత్తగారింటికి సూప్ పట్టుకెళుతూ అలాగే బోర్లించుకున్నాడు. గిన్నెలో సూప్ ఉందన్న సంగతి అది చెవుల్లోకి దిగాక గుర్తొచ్చింది.

అందరూ తియో అని పిలిచే ఈ మనిషి ఆంగ్విల్లా ద్వీపం మొత్తానికి పడవ పందేల ఛాంపియన్. గెలిచిన కప్పులు పెట్టుకోవడానికి ఆయన భార్య ఇస్మే గోడకు కొత్తగా ఒక అలమర కొట్టించింది. అది ఊడి మీద పడుతుందేమోనని తియో ఆ గదిలోకి పోడు. మంత్రం లాంటిదేదో ఉందని పక్క ఊళ్ళవాళ్ళు అనుమానపడేవారు గాని ఆయన గెలుపులో రహస్యమేమీ లేదు. సముద్రం మీద ఉన్నంతసేపూ ఆయనకు ప్రాణం గిజగిజలాడుతుంది. ఎంత తొందరగా ఒడ్డెక్కితే అంత మంచిదనుకుంటాడు. మిగతా కెప్టెన్లు కప్పు కోసం పడవ నడుపుతారు, ఈయన ఇంటికి పోవడానికి నడుపుతాడు. ఇంటికి పోవాలన్న తొందర ముందు కప్పు మీద ఆశ ఎంతసేపు నిలుస్తుంది?

ఈ సంగతి లోకానికి వింతైతే వెల్డన్ రోమ్నీకి తలవంపులు. వెల్డన్ ఇస్మేకు తమ్ముడు. వారమంతా నీళ్ళ లారీ తోలుతాడు, పందెం రోజున తియో నడిపే 'పేషెన్స్' పడవ ముక్కున కూర్చుంటాడు. మా పడవల తెరచాప ఎంత పెద్దదంటే, అది ఒకవైపు వాలిందంటే వెనక చుక్కాని పట్టుకున్న కెప్టెన్‌కు అటు సముద్రమే కనబడదు. అటునుంచి ఏం వస్తోందో చూసి చెప్పడానికి ముక్కున ఒకడుండాలి. వెల్డన్‌కు భయమంటే తెలియదు. కనీసం తెలియదని ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. అలాంటి వీరుడికి అలాంటి బావ దొరకడం తన ఖర్మ అని వాపోయేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు. "ఇంత భయం పెట్టుకుని సముద్రం మీదికెందుకు బావా?"

తియో ఆశ్చర్యంగా చూశాడు. "ఒడ్డున మాత్రం భయం లేదేంట్రా? ఇక్కడున్నా భయమే, అక్కడున్నా భయమే. అక్కడైతే కప్పన్నా ఇస్తారు."

పందెం రోజు పొద్దున తియో పెళ్ళాం దగ్గర సెలవు తీసుకోవడం చూసి తీరాలి. ఇస్మే పొయ్యి దగ్గర జానీ కేకులనే పిండిరొట్టెలు వేయిస్తూ ఉంటుంది. ఆయన టోపీ చేత్తో పట్టుకుని, చావు కబురు చెప్పడానికి వచ్చినవాడిలా గుమ్మంలో నిలబడతాడు. తాను తిరిగి రాకపోతే నల్లకోటు వెల్డన్‌కు ఇచ్చేయమంటాడు. వాడి భుజాలకు పట్టదని ఆవిడ బాణలిలోంచి చూపు తిప్పకుండానే చెబుతుంది. సమాధి దగ్గర ఇస్మే పెద్దమ్మ చేత మాత్రం పాట పాడించవద్దని బతిమాలతాడు. పోయినవాడివి నీకెలా వినబడుతుందని ఆవిడ అడుగుతుంది. వినబడుతుందేమోనన్నదే తన భయమంటాడు. అప్పుడావిడ వేడివేడి జానీ కేకులు గుడ్డలో మూటకట్టి చేతిలో పెట్టి, సాయంత్రం వచ్చేటప్పుడు ఉప్పు తెమ్మని పంపేస్తుంది.

అయినా ఆ భయాన్ని ఊరికే తీసిపారేయడానికి లేదు. ఒక ఈస్టర్ సోమవారం పందెంలో ఆకాశం అద్దంలా ఉంది. పేషెన్స్ అందరికంటే ముందుంది. ఉన్నట్టుండి తియో ముక్కుపుటాలు అదిరాయి. చాప సగం దించెయ్యమని అరిచాడు. పడవలోని వాళ్ళంతా ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టారు. కొండ అంచున కార్లలో పందెం వెంట వస్తున్న జనం హారన్లు కొట్టి మరీ తిట్టారు. ఎండ కాస్తుంటే చాప దించే కెప్టెన్‌ను ఎవరు మెచ్చుకుంటారు? చాప దిగిందో లేదో ఈశాన్యం నుంచి నల్లగా ఒక గాలివాన వచ్చిపడింది. పక్క పడవ కళ్ళముందే నీళ్ళు నిండి మునిగిపోయింది. దాని మనుషులు తలలు పైకెత్తి కేకలు పెడుతున్నారు. వెల్డన్ చేతులు తాడు మీదే బిగుసుకుపోయాయి. ఆ వానలో తియో ఏడుస్తూ, దేవుణ్ణి పిలుస్తూ, తల్లిని పిలుస్తూ, మధ్య మధ్యలో ఎవరు ఏ తాడు లాగాలో సరిగ్గా చెబుతూ, మునిగినవాళ్ళనందరినీ ఒక్కొక్కరినీ పడవలోకి లాగించాడు. గాలి తగ్గాక చూస్తే నిలిచి ఉన్న పడవ అదొక్కటే. అదే గెలిచింది. కప్పు అందుకునేటప్పుడు కూడా ఆయన వెక్కుతూనే ఉన్నాడు.

దీన్నైనా జనం సహించారు గాని, ఐవర్ కార్టీ దగ్గర తియో చేసే పని మాత్రం ఆయన సొంత ఊరు శాండీ గ్రౌండ్‌కు మింగుడు పడలేదు.

ఐవర్ ఐలండ్ హార్బర్ ఊరివాడు, తియో కంటే చాలా పెద్దవాడు. ఆయన పడవ పేరు 'బ్యారకూడా', ముక్కు మీద కోరలు కూడా రంగుతో వేయించాడు. ఆ పడవలో కెప్టెన్ తప్ప ఇంకొకడు నోరెత్తడానికి వీల్లేదు. ముక్కున కూర్చున్నవాడు కూడా అడిగితేనే చెప్పాలి, ఐవర్ ఎప్పుడూ అడగడు. మహా గర్విష్ఠి. మనిషి ఎదురుగా నిలబడి పలకరించినా సూటిగా చూడడు, తల పక్కకు తిప్పి, ఆ పక్కనున్న గోడతో మాట్లాడుతున్నట్టు మాట్లాడతాడు. ఎదటివాడు తన చూపుకు తగడని ఆయన ఉద్దేశమని అందరూ అనుకునేవారు. ఈ మధ్య మూడేళ్ళుగా ఆ పొగరు మరీ ముదిరిందని చెప్పుకునేవారు.

మా పందేల్లో రెండు పడవలు ఎదురుబొదురుగా వచ్చినప్పుడు నువ్వు తప్పుకోవాలా నేను తప్పుకోవాలా అని చెప్పే చట్టమేమీ లేదు. ఒకే ఒక్క ఆచారం ఉంది. ఏ పడవలోనైనా 'హార్డ్ లీ' అని ఒక్క కేక వినబడితే రెండు పడవలూ ఆ క్షణమే ముక్కు తిప్పేయాలి. ఎవరు అరిచినా సరే, విన్నవాడు తిప్పకపోతే ఈ ద్వీపంలో వాడి మొహం చూసేవాళ్ళుండరు. అయితే ముందు అరిచినవాడు జంకినట్టు లెక్క. అందుకని మొనగాళ్ళు అరవరు. పళ్ళు బిగించుకుని, రెండు పడవలూ ముద్దెట్టుకునేంత దగ్గరికి వచ్చేదాకా ఎదుటివాడి గుండె ఎప్పుడు జారుతుందా అని చూస్తారు.

మిగతా పడవలతో తియో కూడా ఏదోలా, కళ్ళు మూసుకుని, చివరిదాకా ఆగేవాడు. బ్యారకూడా ఎదురైతే మాత్రం మూడేళ్ళుగా అల్లంత దూరానే అరిచేసేవాడు. అదేమన్నా సన్నటి గొంతా? కొండ మీద ఉన్నవాళ్ళకు కూడా వినబడుతుంది. భయానికి చివర్లో వణికి అచ్చం మేక అరుపులా ఉంటుంది. గాలి తమకే అనుకూలంగా ఉన్నప్పుడు కూడా అరిచి, గెలిచే దారి వదులుకుని తిప్పేసేవాడు. అలా ఐవర్ చేతిలో రెండు కప్పులు పోయాయి. దాంతో ఐలండ్ హార్బర్ జనానికి పండగే పండగ. పేషెన్స్ కనబడితే చాలు కొండంతా మేకలైపోయేది. వెల్డన్ నీళ్ళ లారీ పెట్రోలు కోసం ఆగినా ఎవడో ఒకడు మే అనేవాడు. వెల్డన్ దిగి వాణ్ణి పట్టుకునేలోపు ఇంకోవైపునుంచి ఇంకొకడు మే అనేవాడు.

ఈ ఏడు ఆగస్టు పందేల చివర ఛాంపియన్లకు ఛాంపియన్ ఎవరో తేల్చే పెద్ద పందెం ముందురోజు ఊరివాళ్ళు ఇస్మే పెరట్లో చేరారు. కందికాయల అన్నం, వేయించిన చేపలు పెట్టింది ఆవిడ. పేషెన్స్‌ను తన చేతులతో కట్టిన ముసలి డాసన్ తినడం అయ్యాక చేతులు తుడుచుకుని విషయం తేల్చేశాడు. ఈసారి ఐవర్ ముందు తియో గొంతుతో గాని చుక్కానితో గాని ముందుగా తగ్గితే, వచ్చే ఏటినుంచి చుక్కాని వెల్డన్‌ది. వెల్డన్ గుండె ఎగిరి గంతేసింది. పైకి మాత్రం బావకోసం బాధపడుతున్నట్టు మొహం పెట్టాడు.

తియో పళ్ళెంలో చేప చల్లారిపోయింది. "ఎవరన్నా చచ్చిపోతే?" అని అడిగాడు.

అందరూ గొల్లుమన్నారు. ప్రాణం మీద తీపి ఐవర్‌కు మాత్రం లేదా, చివరికి వాడే అరుస్తాడని డాసన్ సర్దిచెప్పాడు. ఏడాదిలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి వాడి చేత మే అనిపించాలని అందరూ పట్టుబట్టారు. తియో ఏదో చెప్పబోయాడు. ఆగాడు. నోట్లో అన్నం ముద్ద కుక్కుకున్నాడు. తర్వాత ఇస్మే బైబిల్ తెచ్చి ఆయన చెయ్యి దాని మీద పెట్టించింది. తియోకు సముద్రం కంటే దేవుడంటే భయం ఎక్కువ. నేనుగా ముందు తగ్గనని ఒట్టు వేశాడు. వేసేటప్పుడు బైబిల్ మీద చెమట మరక పడింది.

మర్నాడు పొద్దున ఒడ్డున పడవలోకి ఇనుపకడ్డీలు, ఇసుక మూటలు బరువుకోసం ఎక్కిస్తుంటే తియో వెల్డన్‌ను పక్కకు లాగాడు. 

"వెల్డన్, నీ కళ్ళు బాగున్నాయిగా?"

"బాగున్నాయి బావా."

"ఐవర్ పెద్దాయన మొహం వంక చూడు. పడవ వంక కాదు, మొహం వంక. ఒట్టు నా నోటికే గాని నీ నోటికి కాదు. గుర్తుంటుందా?"

భయంతో మతి పోయిందనుకున్నాడు వెల్డన్. సరేనని భుజం తట్టి, మనసులోనే చుక్కాని పట్టుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

పడవలు ఒడ్డునుంచి ఒక్కసారిగా కదిలాయి. మొదటి సగం గాలి వెనకనుంచే తోసింది. పేషెన్స్ బాగా పరుగెత్తింది. తియో ఎప్పటిలాగే కూర్చున్నచోటే కుంచించుకుపోయి, అల చిందినప్పుడల్లా కళ్ళు మూసుకుంటూ, ఎక్కడ గాలి ముడుచుకుంటుందో ఎక్కడ విచ్చుకుంటుందో గొణుగుతూ నడిపాడు. మలుపుకోసం సముద్రంలో నిలిపిన గుర్తుపడవను చుట్టి తిరిగి వచ్చేసరికి ముందు రెండే పడవలు మిగిలాయి, పేషెన్స్, బ్యారకూడా. ఇక గాలికి ఎదురు పోవాలి, ఎదురుగాలికి తెరచాప పడవ సూటిగా పోలేదు, అటూ ఇటూ మెలికలు తిరుగుతూ పోవాలి. ఒకటి కుడివైపు వాలి పోతుంటే ఇంకొకటి ఎడమవైపు వాలి వస్తుంది. మధ్యలో ఎక్కడో కలవక తప్పదు. కొండ అంచున కార్లు ఆగిపోయాయి. మే మే అని ఒకటే గోల. కాసేపటికి ఆ గోల కూడా ఆగింది. తియో కేక పెట్టాల్సిన చోటు దాటిపోయింది. తియో అరవలేదు.

ఆ నిశ్శబ్దం విని బ్యారకూడాలోని వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకోవడం వెల్డన్‌కు కనిపించింది. మొదట్లో అతనికి హుషారుగా ఉంది. రంగు వేసిన కోరలు అలను చీల్చుకుంటూ వస్తున్నాయి. ఐవర్ ఇప్పుడు అరుస్తాడు, ఇదిగో ఇప్పుడు అరుస్తాడు అనుకున్నాడు. కోరల పక్కన రంగు పెచ్చులూడిన చోటు కూడా కనబడుతోంది. ఐవర్ అరవలేదు.  వెల్డన్ వెనక్కి తిరిగి చూశాడు. తెరచాప కింది అంచు దగ్గర వంగి తియో మొహం కనబడింది. ఆ మొహం తెల్లబోయి ఉంది, పెదాలు బిగుసుకున్నాయి, కళ్ళు మాత్రం వెల్డన్‌ను పట్టుకుని ముందుకు తోస్తున్నాయి. మొహం వంక చూడమన్నాడు కదా పొద్దున.

వెల్డన్ ఐవర్ మొహం వంక చూశాడు.

ఆ ముసలాయన చుక్కాని పట్టుకుని హాయిగా కూర్చున్నాడు. తల పక్కకు తిరిగి ఉంది, ఎప్పుడూ ఉండే పొగరే. వెల్డన్ చెయ్యెత్తి ఊపాడు. ఆయన కళ్ళు వెల్డన్ ఉన్న చోటుమీదుగానే పోయాయి గాని అక్కడ ఆగలేదు. రెండు చేతులూ ఎత్తి ఊపాడు. ఆయన చిన్నగా నవ్వుతున్నాడు, దేనికో ఎదురుచూస్తున్నట్టు. తల ఇంకాస్త వంచి చెవిని ఇటువైపు పెట్టాడు. అప్పుడు వెల్డన్‌కు తెలిసింది. ఆయన చూడడం లేదు. వింటున్నాడు. మూడేళ్ళుగా సమయానికి వినబడే మేక అరుపు కోసం వింటున్నాడు, అది వినబడితే తిప్పుదామని.

వెల్డన్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. భయమంటే ఏమిటో తెలియనివాడికి ఒక్క క్షణంలో మొత్తం తెలిసిపోయింది. ఈ పడవలోని మనుషులు, ఆ పడవలోని మనుషులు, తాళ్ళు, ఇనుపకడ్డీలు, కోరలు అన్నీ కలిసి నీళ్ళలోకి పోవడం కళ్ళకు కట్టింది.  నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు.

"హార్డ్ లీ!"

ఆ కేక ఎలా వచ్చిందో అతనికే తెలియదు. సన్నగా మొదలై, మధ్యలో విరిగి, చివర్లో వణికింది. అది పూర్తికాకముందే ఐవర్ చెయ్యి చుక్కానిని తోసేసింది. ఇటు తియో కూడా కేక వినబడగానే తోశాడు. రెండు పడవలూ గిర్రున తిరిగాయి, రెండు తెరచాపల వాసాలు తలల మీదుగా ఊడ్చుకుపోయాయి. బ్యారకూడా పక్కచెక్క పేషెన్స్ పక్కచెక్కను గీరుతూ పోయింది. ఆ గీరుడు శబ్దానికి వెల్డన్ పళ్ళు పులిశాయి. తర్వాత అటు పడవ అటు, ఇటు పడవ ఇటు అయ్యాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

కాకపోతే వెల్డన్‌కు కాళ్ళూ చేతులూ ఆడలేదు. వదలాల్సిన తాడు వదలకుండా దాన్ని కావలించుకుని కూర్చుండిపోయాడు. అది వదిలించడానికి ఇద్దరు కావాల్సి వచ్చింది. ఈలోగా బ్యారకూడా హాయిగా ముందుకెళ్ళిపోయి గెలిచింది.

ఒడ్డున పేషెన్స్‌ను చూసి సొంత ఊరే మే అంది. ఈసారి ఆ మే అంతా వెల్డన్‌కే. నీళ్ళ లారీ వీరుడు ఇంత పిరికివాడా అని ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. డాసన్ కర్ర తాటిస్తూ వచ్చి తీర్పు చెప్పాడు. తియో ఒట్టు నిలబెట్టుకున్నాడు, ప్రాణం పోయేదాకా వచ్చినా నోరెత్తలేదు, కనక చుక్కాని తియోదే. ఇక వెల్డన్ చేతికి చుక్కాని ఇవ్వడమంటే నవ్వులపాలు కావడమే. జనం తియోను ఎత్తుకుని ఊరేగించబోయారు. పడేస్తారేమోనని ఆయన పడవ కింద దూరాడు.

వెల్డన్ కూడా అక్కడికే దూరాడు. ఇద్దరూ ఇసకలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు.  వెల్డన్ అడిగాడు, ఐవర్ సంగతి ఎప్పటినుంచి తెలుసని.

"మూడేళ్ళ కిందట. భయంతో చాప కింద నక్కి చూస్తుంటే ఆయన మొహం కనబడింది. టోపీ తీసి ఊపాను, ఊరుకున్నాడు. అరిచాను, తిప్పాడు. ఆయనకు పక్కలు కనిపిస్తాయిరా. కొండ కనిపిస్తుంది, చాప కనిపిస్తుంది. నడిమధ్య ఏదుందో అదే కనిపించదు. అందుకే తల పక్కకు పెడతాడు. పొగరని అందరూ తిట్టుకుంటారు."

"ఎవరికన్నా చెప్పొచ్చుగా బావా?"

"చెబితే ఆయన చుక్కాని లాగేసుకుంటారు. ఇంట్లో మంచం మీద కూర్చోబెడతారు. ఆ మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడు? నేను ఎలాగూ అరిచేవాణ్ణే. కాస్త ముందు అరిస్తే ఆయన చుక్కాని ఆయన దగ్గరే ఉంటుంది. నన్ను పిరికివాడంటారు, అంటే ఏం? నిజమేగా?"

"కప్పులు పోయాయి."

"అలమర బరువు తగ్గింది," అన్నాడు తియో.

వెల్డన్ నవ్వాడు. ఇవాళ తాను అరవకపోతే ఏం చేసేవాడివని అడిగాడు. తన నోరు అప్పటికే తెరుచుకుందనీ, ఇంకో అర క్షణం ఆగితే ఒట్టు తప్పి నేరుగా నరకానికి పోయేవాణ్ణనీ తియో చెప్పాడు. నరకం గుర్తొచ్చి మళ్ళీ చెమటలు పట్టాయి.

అప్పుడే పడవ పక్కన రెండు కాళ్ళు వచ్చి ఆగాయి. ముసలి కాళ్ళు, ఉప్పు పట్టి తెల్లగా ఉన్నాయి. ఐవర్ కార్టీ చేత్తో పడవ చెక్కను తడుముతూ వచ్చి, కొత్తగా గీరుకున్న చోట వేలు ఆపాడు. ఒంటరిగానే వచ్చాడు.

"తియో, ఉన్నావా?"

తియో బయటికి పాకి లేచి నిలబడ్డాడు. ఐవర్ తల పక్కకు తిప్పి ఆయన్ను చూశాడు.

"ఇవాళ నీ గొంతు కాదే అది."

 గొంతు బొంగురుపోయిందని తియో ఏదో అబద్ధం మొదలుపెట్టాడు. ముసలాయన చెయ్యి గాలిలో ఆడించి ఆపేశాడు. "మూడేళ్ళుగా ఆ గొంతు వింటున్నాను. ఎందుకు అరుస్తున్నావో నాకు తెలీదనుకున్నావా? వచ్చే ఏడు మానేస్తాను. ఈ మాట పోయినేడు కూడా అనుకున్నాననుకో."  "ఎవరా కుర్రాడు, ఇవాళ అరిచింది?"

తన బావమరిదేనని తియో చెబుతుంటే వెల్డన్ పడవ కిందనుంచి తల బయట పెట్టాడు. ఐవర్ ఆ చప్పుడు వచ్చిన వైపుకు వంగి, తడుముకుని, అతని భుజం దొరికించుకుని గట్టిగా నొక్కాడు.

"గొంతు బాగుంది అబ్బాయ్. కాకపోతే ఈసారి మీ బావలా ఇంకాస్త ముందు భయపడు."

అలాగే పెద్దాయనా అన్నాడు వెల్డన్. తర్వాత ముగ్గురూ పడవను ఇసకలో ఇంకాస్త పైకి తోశారు.